బొమ్మ ఉంది, కుంచె ఏది?

ఈ సంచిక ముఖచిత్రం మీద ఉన్న మెలికల ముగ్గును ఒక్కసారి దగ్గరగా చూడండి. ఎడమ సగం, కుడి సగం ఒకే పూట కూర్చుని వేసినట్టు ఉంటాయి. నిజానికి వాటి మధ్య ఐదు వారాల ఎడం ఉంది. ఎడమ సగం వేసిన కుంచె మధ్యలో మాయమైంది. అది మళ్ళీ చేతికి వచ్చాకే కుడి సగం పూర్తయింది. మాయం చేసింది మేమే. కనుక అది ఎలా పోయిందో, ఎలా తిరిగి వచ్చిందో నలుగురికీ చెప్పాల్సిన బాధ్యత కూడా మాదేనని సంపాదకవర్గం వారు తేల్చేశారు.

మేము అంటే బడిలో కంప్యూటరు, ప్రింటరు, ప్రొజెక్టరు పనులు చూసుకునే ముగ్గురం వాలంటీర్లం. వారమంతా ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ రాసి, ఆదివారం బడికి వచ్చి ఒక పిల్ల కష్టపడి చేసుకున్న కుంచెలు పోగొట్టామంటే వినడానికి బాగుండదు. అయినా చెబుతున్నాం. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు కాగితం మీద కంటే తెర మీదే ఎక్కువ బొమ్మలు వేస్తున్నారు. ఏ ఇంట్లోనైనా ఒకరోజు ఇది జరగవచ్చు.

మన బడి లాప్‌టాప్‌లో క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉంది. పైసా ఖర్చు లేదు. 1999లో మొదలైన ఈ ప్రోగ్రామును వేర్వేరు దేశాల వాళ్ళు కలిసి రాస్తూ వస్తున్నారు. స్వీడిష్ భాషలో క్రిటా అంటే సుద్ద. మన చెవికి మాత్రం కృతయుగం గుర్తొస్తుంది. అక్షరాలు దిద్దించే కాగితాలు, గుణింతాల చార్టులు, సంక్రాంతి బ్యానరు, ఈ సంచిక ముఖచిత్రం, అన్నీ దానిలోనే తయారవుతాయి. దానితో పాటే వందకు పైగా కుంచెలు వస్తాయి. పెన్సిలు, నీటిరంగు, నూనెరంగు, సిరా, ఏది కావాలంటే అది. అవి చాలనప్పుడు మన కుంచెను మనమే తయారుచేసుకోవచ్చు. అలా తయారుచేసి పేరుపెట్టి దాచుకున్న కుంచెను ప్రీసెట్ అంటారు.

కుంచెను తయారుచేసుకోవడమేమిటి అని పెద్దవాళ్ళకు అనిపించవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బజారులో కుంచె కొనరు. వెదురు పుల్ల కొన చెక్కి, పైన గుడ్డో ఉన్నో చుట్టి, దారంతో బిగించి తమ కలం తామే చేసుకుంటారు. చుట్టిన గుడ్డను వేలితో నొక్కినకొద్దీ రంగు కొనలోకి దిగుతుంది. కొన ఎంత సన్నగా చెక్కాలి, గుడ్డ ఎంత మందాన చుట్టాలి అన్నది ఆ చేతికే తెలుసు. కంప్యూటరు కుంచె కూడా అంతే. కొన ఆకారం ఏమిటి, పెన్ను గట్టిగా నొక్కితే గీత ఎంత లావవ్వాలి, వాలిస్తే ఏమవ్వాలి, రంగు ఎంత పలచగా పడాలి, ఒక చుక్కకూ మరో చుక్కకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఇలాంటి అమరికలు ఒక్కో కుంచెకు పదులకొద్దీ ఉంటాయి. చాలావరకు అంకెలే. కొన్ని మాత్రం చేత్తో వంచి సరిచేసే చిన్న గ్రాఫులు. ఒక మంచి కుంచె కుదరాలంటే ఆ అంకెలతో వారాల తరబడి కుస్తీ పట్టాలి.

మన బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి అలా మూడు కుంచెలు చేసింది. మొదటిది బలపం. నల్లని పలక మీద రాసినట్టు గరుకుగా, మధ్యమధ్య ఖాళీలతో పడుతుంది. రెండోది పాళీ. వెడల్పాటి కొన ఉన్న కలాన్ని ఏటవాలుగా పట్టి రాసినట్టు, ఒకవైపు గీత లావుగా, ఒకవైపు సన్నగా వస్తుంది. గోడ మీది అక్షరమాల చార్టు అంతా దానితో రాసిందే. మూడోది ముగ్గు.

ఆ మూడోదాని కథ వేరు. ఒక వేసవిలో రాజమండ్రి వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మమ్మ గారు వాకిట్లో ముగ్గు వేస్తుంటే వీడియో తీసుకువచ్చింది. చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారుతుంటే, గీత మొదట నిండుగా పడి, పిండి అయిపోతున్నకొద్దీ పలచబడుతుంది. అక్కడ చెయ్యి ఎత్తి మళ్ళీ చిటికెడు తీసుకుంటారు. క్రిటాలో ఫేడ్ అని ఒక అమరిక ఉంది. గీత సాగుతున్నకొద్దీ రంగు తగ్గిపోయేలా చేస్తుంది. దానితో పిండి జారే తీరు వచ్చింది. పిండి రేణువులు అటూ ఇటూ చెదిరేందుకు ఇంకో అమరిక. కొన ఆకారం కోసం నల్ల కాగితం మీద బియ్యప్పిండి చల్లి ఫోటో తీసింది. ఇంత చేశాక వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మమ్మ గారు, "సున్నం పూసినట్టుంది తల్లీ, పిండి అంత దట్టంగా పడదు" అన్నారట. మళ్ళీ మొదటికి. అలా ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు మార్చిందో ఆ పిల్లకే లెక్క లేదు.

ఇక మేము చేసిన ఘనకార్యం. బడి లాప్‌టాప్ నత్తలా నడుస్తోందని టీచర్లందరూ మొత్తుకుంటుంటే, ఒక శనివారం రాత్రి అంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించాం. ముందు జాగ్రత్తగా డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. ఒకటికి రెండుసార్లు సరిచూశాం కూడా. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి ముఖచిత్రం తెరిచింది. సగం ముగ్గు చక్కగా కనబడింది. రెండో సగం మొదలుపెడదామని కుంచెల జాబితాలో వెతికింది. కిందికీ పైకీ రెండుసార్లు చూసి మా వైపు తిరిగింది.

"అంకుల్, బొమ్మలన్నీ ఉన్నాయి. నా బ్రషెస్ ఏవి?"

అప్పటిదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. బొమ్మ ఫైలు ఉంటే కుంచె కూడా ఉన్నట్టే అనుకున్నాం. బొమ్మ ఫైలులో ఉండేది కుంచె వేసిపోయిన గీతలు మాత్రమే. పులిహోర గిన్నె ఉన్నంత మాత్రాన చేసినవాళ్ళ చేతి కొలత గిన్నెలో ఉండదు కదా.

ఇక్కడ కథ కాస్త ఆపి, మామూలుగా ఇళ్ళల్లో ఎదురయ్యే సంగతి చెప్పాలి. కుంచె కనబడలేదంటే పోయిందని కంగారు పడకండి. మేము చూసినవాటిలో ఎక్కువసార్లు అది ఉన్నచోటే ఉంది. కుంచెల జాబితా అడుగున ఒక వెతుకుడు పెట్టె ఉంటుంది. అందులో ఎప్పుడో కొట్టిన రెండక్షరాలు అలాగే ఉండిపోతే, ఆ అక్షరాలున్న కుంచెలే కనబడతాయి. జాబితా పైన ట్యాగ్ ఎంచుకునే చోటు ఉంటుంది. అక్కడ 'ఆల్' అని లేకపోతే సగం కుంచెలు దాక్కుంటాయి. ఇంకో తమాషా. క్రిటాలో 'ఇ' అక్షరం మీట పొరపాటున తగిలితే కుంచె కాస్తా రబ్బరుగా మారుతుంది. రంగు పడదు, ఉన్నది చెరిగిపోతుంది. "నా బ్రష్ పాడైంది" అని మా దగ్గరికి వచ్చిన చిన్నపిల్లల్లో సగంమందికి అదే మీటను మళ్ళీ ఒకసారి నొక్కి పంపించాం. కుంచె రంగు వేస్తోంది గానీ తీరు మారిందంటే, ఎవరో అమరికలు కదిపి వదిలేశారన్నమాట. పైన పనిముట్ల వరుసలో 'రీలోడ్ ఒరిజినల్ ప్రీసెట్' అనే గుర్తు నొక్కితే సేవ్ చేసినప్పటి రూపం తిరిగి వస్తుంది.

తమ్ముడో చెల్లెలో కుంచెను డిలీట్ చేసేశారా? 2021 డిసెంబరులో వచ్చిన 5వ వెర్షన్ నుంచి క్రిటాలో డిలీట్ అంటే తుడిచెయ్యడం కాదు, కనబడకుండా పక్కన పెట్టడమే. సెట్టింగ్స్ మెనూలో 'మేనేజ్ రిసోర్సెస్' తెరిచి, తీసేసినవాటిని కూడా చూపించమనే గడిలో టిక్కు పెడితే ఆ కుంచె మళ్ళీ కనబడుతుంది. దాన్ని ఎంచుకుని 'అన్‌డిలీట్' అంటే సరి. ఇంకో మంచి సంగతి కూడా ఉంది. ఉన్న కుంచె మీదే మార్పులు సేవ్ చేసినప్పుడు ఈ వెర్షన్ పాత ఫైలును చెరిపెయ్యదు. పేరు చివర 0001, 0002 అని అంకె తగిలించి కొత్త ఫైలు రాస్తుంది. కాబట్టి నిన్నటి కుంచే బాగుందనుకుంటే నిన్నటి ఫైలు ఫోల్డరులో ఉండే ఉంటుంది.

ఇంతకీ ఆ ఫోల్డరు ఎక్కడుంది? మేము బోల్తా పడిందే అక్కడ. విండోస్‌లో మన పేరుతో ఉన్న ఫోల్డరులో యాప్‌డేటా అని ఒకటి ఉంటుంది. దాని లోపల రోమింగ్, దాని లోపల క్రిటా. ఈ యాప్‌డేటా మామూలుగా కంటికి కనబడదు. తెలియనివాళ్ళు చేయి పెట్టకుండా విండోస్ దాన్ని దాచి ఉంచుతుంది. తెలిసినవాళ్ళమని అనుకునే మేమూ మర్చిపోయామంటే ఎంత బాగా దాచిందో చూడండి. మ్యాక్ కంప్యూటర్లలో అయితే లైబ్రరీ అనే ఫోల్డరులో అప్లికేషన్ సపోర్ట్, అందులో క్రిటా. అదీ దాచిన ఫోల్డరే. అన్నిటికంటే తేలిక దారి ఏమిటంటే, క్రిటాలోనే 'మేనేజ్ రిసోర్సెస్' తెరిస్తే, ఆ ఫోల్డరును నేరుగా తెరిచే బటను అక్కడ ఉంటుంది. లోపల పెయింట్‌ఆప్‌ప్రీసెట్స్ అన్న దానిలో కుంచెలు, బ్రషెస్ అన్న దానిలో కుంచె కొనలు, ప్యాటర్న్స్ అన్న దానిలో గరుకుదనం తెచ్చే బొమ్మలు ఉంటాయి. ఈ మూడింటి సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

విండోస్‌ను డిస్కు తుడవకుండా మళ్ళీ ఎక్కిస్తే, పాత సరుకంతా 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డరులోకి చేరుతుంది. పది రోజుల తర్వాత విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. ఆ లోపు చూసుకుంటే అందులో పాత యాప్‌డేటా దొరుకుతుంది. మేము చక్కగా డిస్కు మొత్తం తుడిచాం కాబట్టి మాకు ఆ అదృష్టం కూడా లేదు. చేతులు కాలాక ఆకుల కోసం వెతకడమే మిగిలింది.

బలపం తేలికగా దొరికింది. దాన్ని ఆ అమ్మాయి మొదట ఇంటి కంప్యూటరులో చేసి, పెన్‌డ్రైవ్‌లో బడికి తెచ్చుకుంది. ఇంట్లో అసలు ప్రతి అలాగే ఉంది. 'మేనేజ్ రిసోర్సెస్'లో 'ఇంపోర్ట్' నొక్కి ఆ ఫైలును చూపిస్తే ఒక్క నిమిషంలో జాబితాలో కూర్చుంది. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ముగ్గు మాత్రం బడి లాప్‌టాప్‌లోనే పుట్టి అక్కడే పెరిగింది. ఎవరికైనా పంపావా అని అడిగితే, హైదరాబాదులో ఉన్న వాళ్ళ పెద్దమ్మ కూతురికి అంతకు ముందు దసరా సెలవుల్లో పంపినట్టు గుర్తుంది అంది. ఆ రాత్రే ఫోన్ చేయించాం. ఆ అక్క దగ్గర రెండు ప్రతులు దొరికాయి. ఒకటి ఈమెయిలుకు తగిలించి పంపిన ఫైలు. రెండోది ఫోనులో చాటింగులో బొమ్మగా పంపినది. రెండూ తెరిచి చూస్తే కంటికి ఒకేలా ఉన్నాయి. నల్లటి నేల మీద తెల్లటి మెలిక, ఆ కుంచెకు గుర్తుగా పెట్టుకున్న చిన్న బొమ్మ. మొదటిది ఇంపోర్ట్ అయింది. రెండోదాన్ని క్రిటా ముట్టుకోలేదు.

ఎందుకో పిల్లలకు చెబితే బాగా ఆసక్తిగా విన్నారు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాం. క్రిటా కుంచె ఫైలు పేరు చివర కేపీపీ అని ఉంటుంది. అది నిజానికి ఒక పీఎన్‌జీ బొమ్మ. జాబితాలో కుంచెకు గుర్తుగా కనబడే చిన్న చిత్రమే ఆ ఫైలు. అయితే పీఎన్‌జీ ఫైలులో రంగు చుక్కలతో పాటు, కంటికి కనబడని అక్షరాలను కూడా దాచడానికి చోటు ఉంటుంది. కుంచె అమరికలన్నీ క్రిటా అక్కడ రాసిపెడుతుంది. పూర్ణం బూరె లాంటిది అనుకోండి. పైకి కనబడేది తోపు, అసలు సంగతి లోపల. ఈమెయిలు ఆ ఫైలును ఉన్నదున్నట్టు మోసుకెళ్ళింది. చాటింగు యాప్ మాత్రం బొమ్మ త్వరగా చేరాలని దాన్ని నొక్కి చిన్నది చేసి, కంటికి కనబడేదాన్ని మాత్రమే పంపింది. బూరె చేరింది, పూర్ణం రాలేదు. అందుకని కుంచె ఫైళ్ళను ఫోనులో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. అప్పుడు ఏమీ పోదు.

ఇంపోర్ట్ అయిందని సంబరపడి గీత గీస్తే ముగ్గు పడలేదు. మామూలు గుండ్రటి చుక్కల వరుస పడింది. పై పేరాల్లో మూడు ఫోల్డర్లని చెప్పాం కదా. మన బడి లాప్‌టాప్‌లో అప్పటిదాకా ఉన్నది పాత 4వ వెర్షన్. పనిచేస్తోంది కదా అని మేమూ మార్చలేదు. దానిలో చేసిన కుంచె ఫైలులో కొన బొమ్మ ఉండదు, ఆ కొన పేరు మాత్రమే రాసి ఉంటుంది. ఆ పేరుగల బొమ్మ బ్రషెస్ ఫోల్డరులో కనబడకపోతే క్రిటా మాత్రం ఏం చేస్తుంది? అమరికలు హైదరాబాదు నుంచి వచ్చాయి, కొన రాలేదు.

కొన దేనితో చేశావని అడిగితే, బియ్యప్పిండి ఫోటో అంది. ఆ ఫోటో పిక్చర్స్‌లో ఉంది! మేము రెండుసార్లు సరిచూసి కాపీ చేసిన వాటిలో ఉంది. కొంచెం ఊపిరి వచ్చింది. ఫోటోను చిన్నదిగా కత్తిరించి, రంగు తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి పెట్టాం. ఈసారి పిండి ఉన్నచోట ఖాళీ, ఖాళీ ఉన్నచోట పిండి పడింది. మేము ముగ్గురం తలలు పట్టుకుంటే ఆ పిల్ల నవ్వి, "తిప్పాలి అంకుల్" అంది. క్రిటా కుంచె కొనలో నలుపు ఉన్నచోట రంగు పడుతుంది, తెలుపు ఉన్నచోట పడదు. మా ఫోటోలో పిండి తెల్లగా, కాగితం నల్లగా ఉంది. రంగులు తారుమారు చేసి, పాత కొనకు ఏ పేరు ఉండేదో అదే పేరుతో సేవ్ చేసి, క్రిటా మూసి తెరిస్తే ముగ్గు పడింది.

పడింది గానీ అది దసరా నాటి ముగ్గు. ఆ తర్వాత నాలుగైదు నెలలు దాన్ని మెరుగుపెడుతూనే ఉంది. ఎడమ సగం పక్కన కొత్త గీత పెట్టి చూస్తే తేడా తెలిసిపోతోంది. ఎడమ సగాన్నే అద్దంలో లాగా తిప్పి కుడివైపు అతికిస్తే సరిపోతుంది కదా అని మాలో ఒకరు సలహా ఇచ్చారు. "మెలిక అటు నుంచి ఇటు పైన దాటితే, ఇటు నుంచి అటు కింద దాటాలి అంకుల్. తిప్పితే తప్పు ముగ్గు అవుతుంది" అని జవాబు వచ్చింది. దానికి మా దగ్గర సమాధానం లేదు. రెండు ఆదివారాలు కూర్చుని ఫేడ్ పొడవు, చెదురు, చుక్కల ఎడం ఒక్కొక్కటే మార్చుతూ, పాత గీతను పక్కన ఎనిమిది రెట్లు పెద్దది చేసి పోల్చుకుంటూ పోయింది. ఒకేసారి రెండు అమరికలు కదపలేదు. ప్రతి మార్పునూ నోటు పుస్తకంలో రాసుకుంది. ఆఫీసులో పెద్ద పెద్ద ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే మేము కూడా అంత ఓపికగా చెయ్యం.

పాళీ ఎక్కడా దొరకలేదు. ఎవరికీ పంపలేదు, ఇంట్లో ప్రతి లేదు. మిగిలింది అక్షరమాల చార్టు ఒక్కటే. అయితే గీతను చూసి కుంచెను లెక్కకట్టవచ్చని ఇక్కడ తెలిసింది. ఇది మా ముగ్గురికీ అన్నిటికంటే నచ్చిన భాగం.

చార్టులో 'అం' అక్షరం పక్కన సున్నా ఉంది. ఏటవాలు పాళీతో సున్నా చుడితే గీత చుట్టూ ఒకే లావున రాదు. ఎదురెదురుగా రెండుచోట్ల బాగా సన్నగా, రెండుచోట్ల బాగా లావుగా వస్తుంది. పాళీ అంచు ఎటు వాలి ఉందో, కలం సరిగ్గా అటే కదిలినప్పుడు గీత సన్నబడుతుంది. అంచుకు అడ్డంగా కదిలినప్పుడు లావవుతుంది. ఇంట్లో ఒక చపాతీ అట్లకాడను పిండిలో ఈడ్చి చూడండి, తెలుస్తుంది. కనుక సున్నాలో గీత అతి సన్నగా ఉన్నచోట అది ఎంత వాలులో సాగుతోందో కొలిస్తే, పాళీని ఎంత వాలుగా పట్టిందో తెలిసిపోతుంది. క్రిటాలో కోణాలు కొలిచే పనిముట్టు ఉంది. 35 డిగ్రీలు వచ్చింది. అతి లావుగా ఉన్నచోట గీత 42 పిక్సెళ్ళు, అతి సన్నగా ఉన్నచోట 8. అంటే కొన పొడవుకు మందం దాదాపు ఐదో వంతు. కుంచె కొన అమరికల్లో రేషియో అని ఉన్నచోట 0.2 పెట్టి, కోణం 35 పెట్టాం. గీత ఎదురు వాలింది. 180లోంచి 35 తీసేసి 145 పెడితే కుదిరింది. ఏడో తరగతి లెక్కల్లో కోణాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలు ఆ రోజు అక్కడ ఇద్దరు ఉన్నారు. మేమేమీ అనలేదు.

గీత అంచు మెత్తగా ఉందా కోసినట్టుందా, చుక్కల ఎడం ఎంత, ఇవి కూడా బొమ్మను బాగా పెద్దది చేస్తే కనబడతాయి. నొక్కుకు ఎంత లావవుతుందన్నది మాత్రం బొమ్మలో చదవలేం. అది ఆ పిల్ల చేతి జ్ఞాపకంతోనే సరిచేసింది. చార్టులో మొదటి వరుసను మళ్ళీ రాసి, పాతదాని మీద పొరగా పెట్టి చూస్తే 'ఋ' కొమ్ము దగ్గర తప్ప తేడా లేదు.

మూడు కుంచెలూ చేతికొచ్చిన రోజే వాటిని మూటగట్టాం. క్రిటాలో ఆ మూటను బండిల్ అంటారు. 'మేనేజ్ రిసోర్సెస్'లో 'క్రియేట్ బండిల్' నొక్కితే మూట పేరు, చేసినవారి పేరు అడుగుతుంది. తర్వాత ఏమేమి పెట్టాలో ఎంచుకోమంటుంది. ఇక్కడ కుంచెలను మాత్రమే ఎంచుకుని ఊరుకోకండి. వాటి కొనలనూ, గరుకు బొమ్మలనూ కూడా ఎంచుకోండి. లేకపోతే మాకు జరిగినట్టే వేరే కంప్యూటరులో గుండ్రటి చుక్కలు పడవచ్చు. తయారైన మూట ఒకే ఒక్క ఫైలు. కొత్త కంప్యూటరులో సెట్టింగ్స్ మెనూలోని 'మేనేజ్ రిసోర్స్ లైబ్రరీస్' తెరిచి, 'ఇంపోర్ట్' నొక్కి దాన్ని చూపిస్తే అన్నీ ఒక్కసారే వస్తాయి. మూట కట్టే ఓపిక లేనివాళ్ళు క్రిటాను మూసేసి, పైన చెప్పిన క్రిటా ఫోల్డరును మొత్తంగా కాపీ చేసుకున్నా సరే. అది మోటు పద్ధతే గానీ పనిచేస్తుంది.

వేరే సాఫ్ట్‌వేర్లు వాడేవారి కోసం రెండు ముక్కలు. ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ వాడే పిల్లలు మన బడిలో చాలామంది ఉన్నారు. అందులో కుంచెల గుంపు మొత్తాన్ని 'షేర్' ద్వారా ఒక ఫైలుగా బయటికి తీసి దాచుకోవచ్చు. కుంచె అమరికల్లో 'అబౌట్ దిస్ బ్రష్' దగ్గర 'రీసెట్ పాయింట్' పెట్టుకుంటే, తర్వాత ఎంత కదిపినా ఆ రూపానికి వెనక్కి రావచ్చు. ఐప్యాడ్‌లో చోటు చాలడం లేదని అమ్మానాన్నలు యాప్‌ను డిలీట్ చేస్తే బొమ్మలు, కుంచెలు అన్నీ పోతాయి. 'ఆఫ్‌లోడ్' చేస్తే మాత్రం యాప్ పోయినా అందులోని సరుకు ఉంటుంది. ఆ రెండు మాటలకు తేడా తెలియక గొడవలైన ఇళ్ళు మాకు తెలుసు. ఫొటోషాప్‌లో కుంచెలను ఎంచుకుని 'ఎక్స్‌పోర్ట్ సెలెక్టెడ్ బ్రషెస్' అంటే ఏబీఆర్ అని ముగిసే ఫైలు వస్తుంది. ప్రిఫరెన్సులు రీసెట్ చేసే ముందు ఆ పని తప్పకుండా చెయ్యండి.

ముఖచిత్రం ప్రెస్సుకు వెళ్ళే ముందు రోజు రాత్రి ఆ అమ్మాయి రాజమండ్రికి వీడియో కాల్ చేసి ముగ్గు మొత్తం చూపించింది. అమ్మమ్మ గారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, కుడివైపు కింద మూడో మెలిక దగ్గర పిండి కొంచెం ఎక్కువ జారిందన్నారు. ఏ సగం కొత్తదో ఆవిడకు చెప్పలేదు. ఆ మెలికను మార్చకుండా అలాగే వదిలేశాం. ఓపిక ఉన్నవాళ్ళు వెతుక్కోవచ్చు.

మూడు కుంచెల మూట ఇప్పుడు బడి లాప్‌టాప్‌లో, ఆ అమ్మాయి ఇంట్లో, హైదరాబాదు అక్క దగ్గర, మా ముగ్గురి దగ్గరా ఉంది. ఎవరైనా వాడుకోవచ్చునని ఆ అమ్మాయి సంతోషంగా ఒప్పుకుంది. కావలసినవారు వార్షికోత్సవం రోజున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరికి పెన్‌డ్రైవ్‌తో రండి, కాపీ చేసి ఇస్తాం. మీ పిల్లల కుంచెలను మూట కట్టడం తెలియకపోతే లాప్‌టాప్ కూడా పట్టుకు రండి. భోజనాల సమయంలో మేము అక్కడే ఉంటాం.